బ్లాక్ ఫంగస్ ఒక చోట షుగర్ ఉన్నవాళ్లకి, ఇంకో చోట క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఎందుకు వస్తుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. ఊపిరితిత్తుల సమస్యకి స్టెరాయిడ్ మాత్రలు రాశారు. రెండు వారాలు అయింది, ఇంకో రెండు వారాలు వాడాలి. మా బాబాయికి 2021లో కోవిడ్ తగ్గాక బ్లాక్ ఫంగస్ వచ్చి ఎడమ కన్ను తీసేశారు. అప్పటినుంచి ఇంట్లో ఎవరికి ముక్కు దిబ్బడ వేసినా అందరికీ టెన్షనే. యూరప్‌లో ఉంటున్న అక్క అక్కడి డాక్టర్‌ని అడిగితే, అది ఎక్కువగా బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకి వచ్చే జబ్బు అన్నారట. ఇక్కడేమో షుగర్ వల్లే అంటున్నారు. ఎవరి మాట నిజం? మనవాళ్లకే ఎందుకు ఎక్కువ? అమ్మ రోజూ బాత్రూమ్ గోడల మీద నల్ల బూజు రుద్ది కడుగుతోంది. నాన్నని బాబాయి ఇంటికి కూడా వెళ్లనివ్వడం లేదు. మేం ఇంకా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: ముందు మీ బాబాయిగారి సంగతి చెప్పనివ్వండి. నాన్నగారిని ఆయన దగ్గరికి వెళ్లనివ్వండమ్మా. ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటుకోదు. దగ్గినా, తుమ్మినా, ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. కన్ను పోగొట్టుకుని ప్రాణాలతో బయటపడ్డ మనిషి ఆయన. సొంత అన్నయ్య గుమ్మం తొక్కడం మానేస్తే ఆయన మనసుకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇక అసలు ప్రశ్న. మీ అక్కగారితో మాట్లాడిన డాక్టరూ, ఇక్కడివాళ్లూ ఇద్దరూ నిజమే చెప్పారు. ఎవరి కళ్ల ముందు ఏ రోగులున్నారో వాళ్లు దాన్నే చెప్పారు.

ఈ జబ్బు అసలు పేరు మ్యూకర్‌మైకోసిస్. దీన్ని తెచ్చే బూజు జాతులు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పేడలో, పాచిపోయిన రొట్టె మీద పెరుగుతాయి. వాటి సిద్ధబీజాలు, అంటే స్పోర్లు, గాలిలో తిరుగుతూనే ఉంటాయి. మీరూ నేనూ వాటిని రోజూ పీలుస్తూనే ఉంటాం. మన తెల్లరక్తకణాలు వాటిని మొలకెత్తకముందే చంపేస్తాయి కాబట్టి మనకేమీ కాదు. ఆ కాపలా సన్నగిల్లిన ఒంట్లో మాత్రం అవి మొలకెత్తి, కండలోంచి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతాయి. నాళం మూసుకుపోతుంది, రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. నలుపు ఆ చచ్చిన కండది, బూజుది కాదు. ముక్కులోంచి తీసిన చిన్న ముక్కను గాజు పలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే, నలిగిన రిబ్బన్ ముక్కల్లాంటి వెడల్పాటి పోగులు కనిపిస్తాయి. వాటికి రంగే ఉండదు. గాజులాగా ఉంటాయి. 'బ్లాక్ ఫంగస్' అనే పేరు చేసిన మేలు కన్నా చేసిన గందరగోళమే ఎక్కువ. మీ అమ్మగారు బాత్రూమ్ గోడతో కుస్తీ పడుతున్నది ఆ పేరు వల్లే.

కాపలా ఎలా సన్నగిల్లుతుందన్నది ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుంది. భారతదేశంలో 2016, 2017 సంవత్సరాల్లో పన్నెండు ఆసుపత్రులు కలిసి 465 మంది రోగుల వివరాలు సేకరించాయి. వాళ్లలో నూటికి 73 మందికి పైగా షుగర్ ఉన్నవాళ్లు. క్యాన్సర్ ఉన్నవాళ్లు నూటికి 9 మంది మాత్రమే. ఫ్రాన్స్‌లో 2005 నుంచి 2007 దాకా 101 కేసులు పరిశీలిస్తే లెక్క తలకిందులైంది. సగం మందికి రక్త క్యాన్సర్లే. షుగర్ ఉన్నవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. ఇది తూర్పు, పడమరల తేడా అనుకోకండి. మెక్సికోలో 1982 నుంచి 2016 దాకా నమోదైన 418 కేసుల్లో నూటికి 72 మందికి షుగరే. ఇరాన్‌లోనూ షుగర్‌దే పెద్ద వాటా. అన్ని దేశాల నుంచి ప్రచురితమైన 851 కేసులను కలిపి చూసిన సమీక్షలో షుగర్ 40 శాతం, రక్త క్యాన్సర్లు 33 శాతం, అవయవ మార్పిడి 14 శాతం మందిలో కనిపించాయి.

జబ్బు ఎక్కడ మొదలవుతుందన్నది కూడా దీన్నిబట్టే మారుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా ముక్కు, సైనస్‌లలో మొదలై కంటి వైపు, తర్వాత మెదడు వైపు పాకుతుంది. రక్త క్యాన్సర్‌కి కీమో తీసుకుంటూ తెల్లకణాలు బాగా పడిపోయినవాళ్లలో ఊపిరితిత్తుల్లో మొదలవుతుంది. అందుకే అక్కడి డాక్టర్‌కి ఈ పేరు వినగానే క్యాన్సర్ వార్డు, ఛాతీ స్కానింగ్ గుర్తొస్తాయి. ఇక్కడి డాక్టర్‌కి వాచిన కన్ను గుర్తొస్తుంది.

'మనవాళ్లకే ఎందుకు' అని అడిగారు. మన రక్తంలోనో, జాతిలోనో ఏ లోపమూ లేదు. భారతదేశంలో పది లక్షల మందికి సుమారు 140 మంది ఈ జబ్బుతో ఉంటారని పరిశోధకులు లెక్కగట్టారు. అభివృద్ధి చెందిన దేశాలతో పోలిస్తే అది ఎన్నో పదుల రెట్లు ఎక్కువ. దానికి పెద్ద కారణం, షుగర్ ఉన్నవాళ్లు కోట్లలో ఉండటం, వాళ్లలో చాలామందికి అది అదుపులో లేకపోవడం, ఇంకా చాలామందికి ఉన్నట్టే తెలియకపోవడం. వేడీ తేమా కలిసిన గాలిలో స్పోర్లు ఎక్కువగా ఉండటం కూడా తోడవుతుంది. కానీ ఆ గాలినే పీల్చే కోట్ల మందికి ఏమీ కావడం లేదు కదా. నా దృష్టిలో ఇది వాతావరణం కన్నా వైద్యం అందకపోవడానికి సంబంధించిన విషయం. షుగర్ పరీక్ష వేళకి జరిగి ఉంటే ఇందులో చాలా కేసులు వచ్చేవే కావు.

షుగర్ ఎక్కువైతే తెల్లకణాలు మందగిస్తాయి, స్పోర్ల దగ్గరికి చేరడంలోనూ వాటిని చంపడంలోనూ వెనకబడతాయి. షుగర్ బాగా అదుపు తప్పి ఒంట్లో కీటోన్లు పేరుకుంటే, అంటే కీటోఅసిడోసిస్ వస్తే, పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ఈ బూజు పెరగాలంటే ఇనుము కావాలి. మామూలుగా మన రక్తంలో ఇనుము ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్‌కి గట్టిగా అతుక్కుని ఉంటుంది, బూజుకి దొరకదు. రక్తం ఆమ్లంగా మారేసరికి ఆ పట్టు సడలుతుంది. ఇనుము విడివడి బూజుకి అందుతుంది. పైగా అధిక గ్లూకోజు, కీటోన్లు కలిసి రక్తనాళాల లోపలి గోడ మీద ఒక ప్రోటీన్‌ని పెంచుతాయి. బూజు దాన్నే పట్టుకుని నాళంలోకి దూరుతుంది. (తలసీమియా లాంటి జబ్బుల్లో ఒంట్లో ఇనుము తగ్గించడానికి ఇచ్చే డెఫెరాక్సమిన్ అనే పాత మందు కూడా ఈ బూజుకి ఇనుము అందిస్తుంది. మీ ఇంట్లో ఆ అవసరం లేదు, కానీ ఇది చదివే తల్లిదండ్రులెవరైనా ఉంటే తమ డాక్టర్‌తో మాట్లాడటం మంచిది.)

దీనికి స్టెరాయిడ్ తోడైతే రెండు దెబ్బలు. అది తెల్లకణాల పనిని అణుస్తుంది, షుగర్‌నీ పెంచుతుంది. 2021లో జరిగింది అదే. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, గరిష్ఠంగా పది రోజులు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని 2020లోనే బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి దానివల్ల మేలు కనిపించలేదు. కానీ చాలామంది ఇంట్లోనే, అవసరం లేకుండానే, ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు వాడారు. షుగర్ ఎవరూ చూడలేదు. కోవిడ్ తానే షుగర్‌ని పెంచే జబ్బు. ఆ ఏడాది మే నెలలో కేంద్రం ఈ జబ్బుని తప్పనిసరిగా నమోదు చేయమని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. జులై నాటికి కేసులు 45,000 దాటాయి. మీ బాబాయిగారు ఆ లెక్కలో ఒకరు. ఆయన తప్పేమీ లేదు.

షుగరూ లేక, క్యాన్సరూ లేక, నిక్షేపంగా ఉన్నవాళ్లకి కూడా ఇది వచ్చే దారి ఒకటుంది. అది మట్టి పడిన లోతైన గాయం. 2011 మేలో అమెరికాలోని జాప్లిన్ పట్టణాన్ని టోర్నడో తుడిచిపెట్టాక, చెక్కముక్కలూ మట్టీ ఒంట్లో దిగబడిన 13 మందికి చర్మంలో, కండలో ఈ జబ్బు వచ్చింది. వాళ్లలో అయిదుగురు చనిపోయారు. అపోఫైసోమైసిస్ అనే ఆ జాతి బూజు భారతదేశపు మట్టిలోనూ ఉంది. రోడ్డు ప్రమాదాల గాయాల్లో ఇక్కడా కనిపిస్తుంది. భారతదేశం, చైనాల్లో ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో కిడ్నీ ఒక్కదానికే ఇది సోకిన కేసులూ ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల పేగుల్లోనూ వస్తుంది. ఇవి అరుదైనవాటిలో అరుదు. మీరు వీటి గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు నాన్నగారి విషయానికి వద్దాం. ఆయనకి షుగర్ ఉంది, నాలుగు వారాల స్టెరాయిడ్ కోర్సు మధ్యలో ఉన్నారు. మీ భయం ఉట్టిది అనను. అయితే దాన్ని బాత్రూమ్ గోడ మీంచి తీసి గ్లూకోమీటర్ మీద పెట్టండి. పొద్దున్నే వేసుకునే ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ వల్ల షుగర్ మధ్యాహ్నం నుంచి పెరుగుతూ పోయి సాయంత్రానికి బాగా ఎక్కువవుతుంది. రాత్రికి దిగి, తెల్లవారేసరికి మామూలుగా కనిపించవచ్చు. చాలా ఇళ్లలో పరగడుపున ఒక్కసారి చూసి, '120 ఉంది, బాగానే ఉంది' అనుకుంటారు. అదే మనిషికి సాయంత్రం చూస్తే 350 ఉంటుంది. కాబట్టి మధ్యాహ్న భోజనం అయిన రెండు గంటలకి, రాత్రి భోజనానికి ముందు తప్పకుండా చూడండి. అంకెలు కాగితం మీద రాసి డాక్టర్‌కి పంపండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ రెండు వారాల సంగతి సరిగ్గా పట్టివ్వదు, దాని మీద ఆధారపడకండి. స్టెరాయిడ్ ఉన్నన్నాళ్లు ఇన్సులిన్ అవసరమని చెబితే దయచేసి వెనకాడకండి. కోర్సు అయిపోయాక చాలామందికి మళ్లీ తగ్గించేస్తారు.

భయపడి స్టెరాయిడ్ మీరే ఆపేయకండి. ఇన్ని రోజులు వాడాక ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, ఊపిరితిత్తుల జబ్బూ తిరగబెట్టవచ్చు. తగ్గించడం, ఆపడం రాసిన డాక్టర్ పని. 'ఇంకా ఎన్నాళ్లు, ఎంత మోతాదు, ఎప్పుడు తగ్గిస్తారు' అని మీరు అడగాలి. అది మీ హక్కు. ఆయన షుగర్ మందుల్లో పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని వచ్చే మాత్ర ఉందేమో కూడా చూడండి. గుండెకీ కిడ్నీకీ మంచి మందే. కానీ జ్వరమో వాంతులో వచ్చి తిండి సరిగ్గా తినని రోజుల్లో, షుగర్ అంకె పెద్దగా లేకపోయినా కీటోన్లు పెరిగే అవకాశం ఉంది. అలాంటి రోజు వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసి మాత్ర వేయాలా ఆపాలా అడగండి. వాంతులు, ఆయాసంగా లోతైన శ్వాస, మత్తుగా ఉండటం కనిపిస్తే ఫోన్‌తో సరిపెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ముక్కు దిబ్బడ వేసిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. రెండు ముక్కులూ బిగుసుకుని, నీళ్లు కారుతూ, తుమ్ములు వస్తుంటే అది దాదాపుగా జలుబే. ఈ జబ్బు చాలావరకు ఒక పక్క నుంచి మొదలవుతుంది. ఒక బుగ్గలో నొప్పి, లేదా తిమ్మిరెక్కినట్టు స్పర్శ తెలియకపోవడం, ఒక కన్ను చుట్టూ వాపు, రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒక ముక్కులోంచి నల్లటి లేదా రక్తం కలిసిన స్రావం, అంగిలి మీద నల్ల మచ్చ. తిమ్మిరిని జనం పట్టించుకోరు, నొప్పి లేదు కదా అని. నేనైతే నొప్పి కన్నా దానికే ఎక్కువ భయపడతాను.

పంటి నొప్పిగా కూడా మొదలవుతుంది. నేను చూసిన ఒకాయన మరచిపోలేను. పై దవడ పళ్లు కదులుతున్నాయని రెండు పళ్లు తీయించుకున్నారు. మూడు వారాలైనా గాయం మానలేదు, మళ్లీ మళ్లీ యాంటీబయాటిక్స్ వాడారు. మా దగ్గరికి వచ్చిన రోజు షుగర్ 400 దాటి ఉంది. తనకి షుగర్ ఉందని ఆయనకి అదే మొదటిసారి తెలియడం. ముక్కులోకి ఎండోస్కోప్, అంటే లోపలి భాగం చూపించే సన్నటి గొట్టం, పెట్టి చూశాను. కుడి వైపు గులాబీ రంగులో తడిగా, ఆరోగ్యంగా ఉంది. ఎడమ వైపు అదే కండ బూడిద రంగులో పొడిబారి ఉంది. పరికరం కొసతో తాకాను. చుక్క రక్తం రాలేదు. 'నొప్పిగా ఉందా' అంటే, 'మీరు ముట్టుకున్నారా?' అని అడిగారు ఆయన. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశాం. పై దవడలో సగం పోయింది, కన్ను దక్కింది. మొదటి వారంలో ఎవరైనా వేలికొస మీద ఒక్క చుక్క తీసి షుగర్ చూసి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

రోజులు ఎందుకు ముఖ్యమో చెప్పే ఒక లెక్క ఉంది. రక్త క్యాన్సర్‌తో పాటు ఈ జబ్బు వచ్చినవాళ్లని చూసిన 2008 నాటి అధ్యయనంలో, లక్షణాలు మొదలయ్యాక మందు ఆరు రోజులు, అంతకన్నా ఆలస్యమైనవాళ్లలో మరణాలు 83 శాతం. ముందే మొదలుపెట్టినవాళ్లలో 49 శాతం. షుగర్ ఉండి, ముక్కు దగ్గరే పట్టుబడితే బతికే అవకాశం అంతకన్నా మెరుగు.

పరీక్షల విషయంలో కూడా ఒక మాట. ఫంగస్ కోసం రక్తంలో చేసే గాలక్టోమానన్, బీటా డి గ్లూకాన్ పరీక్షలు ఈ జాతి బూజుని పట్టుకోలేవు. అవి నెగటివ్ వచ్చాయని ఊపిరి పీల్చుకోకండి. మొదట్లో సీటీ స్కాన్ కూడా మామూలు సైనసైటిస్ లాగే కనిపించవచ్చు. ముక్కులోకి ఎండోస్కోప్‌తో చూడటం, కాంట్రాస్ట్ ఇచ్చి తీసే ఎంఆర్‌ఐ, అన్నిటికన్నా ముఖ్యంగా ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూడటం, ఇవే తేల్చేవి. వైద్యం అంటే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి ఇంజెక్షన్లు, చచ్చిన కండ తీసేసే ఆపరేషన్, షుగర్ అదుపు, మూడూ కలిసి సాగాలి. తర్వాత కొన్ని నెలలు పోసాకొనజోల్ లేదా ఇసావుకొనజోల్ మాత్రలు వాడతారు. మందుల షాపులో అందరికీ తెలిసిన ఫ్లూకొనజోల్ దీని మీద పనిచేయదు. ఫంగస్ మాత్రే కదా అని ఇంట్లో ఉన్నది వేసుకుని రోజులు పోగొట్టుకోవద్దు.

అమ్మగారికి చెప్పండి, బాత్రూమ్ గోడల మీది నల్ల బూజు సాధారణంగా వేరే జాతులది. తేమ తగ్గించడం, కిటికీ తెరిచి ఉంచడం మంచిదే. కానీ రోజూ రుద్దే ఆ కష్టం నాన్నగారిని కాపాడదు. స్టెరాయిడ్ అయ్యేదాకా ఆయన మట్టి తవ్వడం, ఎండిన ఆకులు ఊడ్చడం, దుమ్ము లేచే చోట ఉండటం మానుకుంటే చాలు. తప్పకపోతే మాస్కు, చేతి తొడుగులు, కాళ్లకి బూట్లు. గాయమైతే సబ్బునీళ్లతో శుభ్రంగా కడిగి, మానుతుందో లేదో రోజూ చూడండి. ముక్కులో ఎవరో చెప్పిన నూనెలు, రసాలు వేయొద్దు.

మీ బాబాయిగారి గురించి ఇంకొకటి. ఆయన షుగర్ ఇప్పుడు ఎలా ఉందో అడిగారా? ఈ జబ్బు నుంచి బయటపడ్డవాళ్లు షుగర్‌ని మళ్లీ వదిలేస్తే ప్రమాదం అలాగే ఉంటుంది. అన్నదమ్ములిద్దరినీ ఒకే రోజు పరీక్షకి తీసుకెళ్లండి.

ఇక నాన్నగారికి ఎప్పుడైనా ఒక పక్క ముఖం నొప్పో, తిమ్మిరో, కంటి వాపో కనిపిస్తే, అది రాత్రయినా సెలవు రోజయినా, తెల్లవారనిద్దాం అనుకోకండి. ఈఎన్‌టీ డాక్టర్ ఉన్న పెద్ద ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. అక్కడ ముందు కనిపించినవాళ్లకి మొదటి వాక్యంలోనే ఈ మూడూ చెప్పండి: 'షుగర్ ఉంది, స్టెరాయిడ్ వాడుతున్నారు, ముఖంలో ఒక పక్కే బాధ.' ముక్కులోకి ఎండోస్కోప్‌తో చూడకుండా మందు బిళ్లలు రాసి పంపేస్తుంటే, కదలకుండా కూర్చుని, ఒకసారి చూడమని అడగండి.